నలుగురు కూడి చేయు పని



మన గ్రామములలో రథోత్సవమును చూడనివారుండరు. రెండు మోకులకును వందలకొలది చేతులు తగిలియుండును. అందరును గొంతెత్తి కేకలు వేయుచుందురు. రథము మాత్రము అంగుళమైనను కదలదు. అప్పుడొక పెద్దాయన ముందుకు వచ్చి, వంకరగా నిలిచినవారిని వరుసకు తెచ్చి, మోకు పట్టుకొని వేడుక చూచువారిని గద్దించి, చక్రము క్రింది మొద్దును తీయుటకొకనిని నియమించి, తాను చేయి యెత్తినప్పుడే లాగవలయునని చెప్పును. చేయి యెత్తును. రథము కదలును. మనుష్యులు వారే, మోకు అదియే, రథము అదియే. మారినదేమి?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకు శాస్త్రమునకే నిర్వహణశాస్త్రమని పేరు. సంస్థలలో మనుష్యుల నడవడి యెట్లుండునో విచారించు శాస్త్రము దానికి తోబుట్టువు. పట్టణములలోని కళాశాలలయందు వ్యాపారవిద్య నభ్యసించువారికి ఈ రెండింటిని బోధించుచున్నారు. కర్మాగారములు, బ్యాంకులు నడపువారికే యివి కావలయునని చాలమంది తలంతురు. కాని నలుగురు కూడి పని చేయు ప్రతి చోటను వీని యవసరము కలదు. సహకార సంఘము, చెరువు నీటి సంఘము, దేవాలయపు కమిటీ, స్త్రీల పొదుపు సంఘము, ఇవన్నియు సంస్థలే. వీనిని నడపువారు మీరే. కావున నేటి ప్రసంగమునకు ఈ విషయమును గైకొంటిని.

మొదట నా యనుభవమొకటి మనవిచేసెదను. మా గ్రామమున ఎరువులును విత్తనములును తెప్పించి సభ్యులకు అమ్ము సంఘమొకటి యుండెడిది. దాని యధ్యక్షుడు నిప్పువంటి మనిషి. సంఘపు రూపాయి యొక్కటియు తన యింటి గడప దాటనిచ్చినవాడు కాడు. గిడ్డంగి తాళపుచెవి ఆయన మొలత్రాటనుండెడిది. చిట్టా ఆయన పెట్టెలో నుండెడిది. ముద్ర ఆయన జేబులో నుండెడిది. ఒక వానకాలమున ఆయన జబ్బుపడి పట్టణపు ఆసుపత్రిలో చేరెను. ఊర నాట్లు సాగుచుండగా ఎరువుల లారీ వచ్చి గిడ్డంగి ముందర నిలిచెను. సంతకము చేయువారు లేరు. సొమ్ము చెల్లించువారు లేరు. ఎవరి బాకీ యెంతయో యెరిగినవారు లేరు. లారీ తిరిగి పోయెను. రైతులు వడ్డీకి తెచ్చి అంగడిలో కొనిరి. ఆయన కోలుకొని వచ్చునప్పటికి, ‘లెక్కలలో నేదియో యున్నది, లేనిచో అంత గుట్టేల?’ అను మాట ఊరంతయు ప్రాకియుండెను. రెండేండ్లలో సంఘము మూతపడెను. నేనును అందు సభ్యుడనే. ఒక్కనాడైనను లెక్క చూపుమని అడిగినవాడను కాను. పెద్దమనిషిని లెక్క అడిగినచో ఆయనను అనుమానించినట్లగునని యూరకుంటిని. దొంగతనము లేదు, ద్వేషము లేదు, ఐనను సంఘము నిలువలేదు. కారణమేమి? ఈ ప్రశ్నను మనసున నుంచుకొని వినవలయునని ప్రార్థన.

ఫ్రాన్సు దేశమున మాక్సిమిలియన్ రింగెల్మాన్ అను వ్యవసాయ యంత్రశాస్త్రజ్ఞుడుండెను. ఆయన మనుష్యులచేత త్రాటిని లాగించి, ఆ లాగుడులోని బలమును కొలిచి, ఫలితములను 1913లో ప్రకటించెను. ఒక్కడు లాగిన బలమును నూరుపాళ్లనుకొందము. ఎనిమిదిమంది కూడి లాగినచో ఎనిమిదివందల పాళ్లు రావలయును గదా? అందులో సుమారు సగమే వచ్చెను. మనుష్యులు పెరిగినకొలది మనిషికి వచ్చు బలము తగ్గుచుండెను. మంది యెక్కువైన మజ్జిగ పలుచనయని మనవారన్నది దీనినే.

ఈ తరుగుదలకు కారణములు రెండు. మొదటిది, అందరును ఒక్క క్షణమున లాగకపోవుట. ఒకడు లాగునప్పుడు మరియొకడు ఊపిరి తీసికొనును. రెండవది సూక్ష్మమైనది. 1974లో అమెరికాలో కొందరు పండితులు మనుష్యుల కండ్లకు గంతలు కట్టి, వారి వెనుక మరికొందరు లాగుచున్నారని నమ్మించి, నిజమునకు వారినొక్కొక్కరినే లాగనిచ్చిరి. తామొంటరిగా లాగుచున్నామని యెరిగినప్పటి బలము అప్పుడు రాలేదు. వెనుక పదిమంది యున్నారను తలంపే చేతిని సడలించినది. వీరు సోమరులు కారు. తన పాలు ఇందులో వేరుగా కనబడదని తోచినప్పుడు మంచి పనివాడును తనకు తెలియకయే తగ్గును. కావున ఉమ్మడి పని చెడినప్పుడు ‘ఈ కాలపు జనులు చెడిపోయిరి’ అని నిందించుటకు ముందు, ఎవరి పాలు ఎంతయో కనబడు నేర్పాటును మనము చేసితిమా యని విచారించుకొనవలయును.

ఆ యేర్పాటెట్లుండవలయునో చెప్పినవారిలో హెన్రీ ఫయోల్ అను ఫ్రెంచి దేశస్థుడు ముఖ్యుడు. ఈయన గనుల ఇంజనీరు. 1888లో ఈయన ప్రధాన నిర్వాహకుడగునప్పటికి ఆయన సంస్థ దివాలాకు చేరువలో నుండెను. 1918లో ఆ పదవిని విడుచునప్పటికి అది బలమైన సంస్థగా నిలిచెను. తన యనుభవసారమును 1916లో ప్రకటించెను. నిర్వాహకుని పనులు ఐదని ఆయన మతము: రాబోవుదానిని ముందుగా తలపోయుట, మనుష్యులను సామగ్రిని ఏర్పరచుట, ఆజ్ఞ యిచ్చుట, పనులను ఒకదానితో నొకటి పొందించుట, చెప్పినట్లు జరిగినదా యని చూచుట. రథము చెంత ఆ పెద్దాయన చేసినవి ఈ యైదే గదా!

ఫయోల్ పదునాలుగు సూత్రములు చెప్పెను. అందు మూడు మనకు మిక్కిలి కావలసినవి. ఒకటి, పనిని పంచుట. చిట్టా వ్రాయువాడొకడు, సొమ్ము ముట్టువాడొకడు, సరకు కొలుచువాడొకడు కావలయును. ఇది నమ్మకము లేక చేయు పని కాదు. ఒకడు జబ్బుపడినను పని ఆగకుండుటకును, ఒకని లెక్కకు మరియొకని లెక్క సాక్ష్యమగుటకును చేయు పని. రెండవది, అధికారమును బాధ్యతయు ఒకచోటనుండుట. గుమాస్తాను పిలిచి, ‘ఎరువు చాలనిచో నీదే తప్పు’ అని చెప్పి, తెప్పించు అధికారమును మాత్రము మన చేతనుంచుకొనుట న్యాయము కాదు. బాధ్యత యిచ్చినచో దానికి తగిన యధికారమును ఈయవలయును. అధికారమును గైకొన్నవాడు జవాబు చెప్పవలయును. మూడవది, ఒకనికి ఒక్కరే ఆజ్ఞ యిచ్చుట. అధ్యక్షుడొకటి, కార్యదర్శి యొకటి, ఊరి పెద్ద మరియొకటి చెప్పినచో గుమాస్తా ఏమి చేయగలడు? ముగ్గురికిని తలయూపి, ఏ పనియు చేయకుండును.

ఇందు మా సంఘపు రోగమునకు సగము కారణము కనబడుచున్నది. మా యధ్యక్షుడు పనిని పంచలేదు. తాళపుచెవిని మరియొకని కిచ్చుట పెత్తనమును పోగొట్టుకొనుటయని ఆయన తలంచెనేమో! నిజమునకు, తాను లేనినాడును సాగు పని యెవనిదో వానిదే గట్టి పెత్తనము.

ఫయోల్ పైనుండి చూచెను. అదే కాలమున అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అను ఇంజనీరు పనివాని చేతిని చూచెను. ఆయన గ్రంథము 1911లో వెలువడెను. బెత్లెహాము ఉక్కు కర్మాగారమున కూలీలు ఇనుపదిమ్మెలను మోసి బండ్లకెక్కించుచుండిరి. మనిషి దినమునకు పండ్రెండున్నర టన్నులు మోయుచుండెను. ఎప్పుడు మోయవలయును, ఎప్పుడు కూర్చుండి విశ్రమింపవలయును అని లెక్క కట్టి చెప్పగా, ఒకడు దినమునకు నలువదియేడున్నర టన్నులు మోసెనని టేలర్ వ్రాసెను. వాని కూలి డాలరు పదునైదు సెంట్లనుండి డాలరు ఎనుబదియైదు సెంట్లకు పెరిగెను. ఆయన ఈ కథను కొంత పెంచి చెప్పెనని తరువాతి చరిత్రకారులు కొందరందురు. ఐనను ఇందొక సత్యము కలదు: తాతలనాటినుండి వచ్చుచున్నదను మాత్రమున ఒక పద్ధతి శ్రేష్ఠము కాదు, కొలిచి చూడవలయును. ధాన్యపు బస్తా గిడ్డంగికి చేరులోపల ఎన్నిసార్లు ఎత్తి దించుచున్నాము? ఒకసారి తగ్గింపవచ్చునా? ఇట్టి ప్రశ్నలు టేలర్ నేర్పినవి.

కాని లెక్కను మరియొకవైపునుండి చూడుడు. పని ఇంచుమించు నాలుగింతలాయెను. కూలి రెండింతలైనను కాలేదు. ఆలోచన యంతయు ఇంజనీరుది, పాటు మాత్రము పనివానిదియైనది. 1911లోనే వాటర్‌టౌను అను ప్రభుత్వ ఆయుధశాలలో గడియారము పట్టి పనిని కొలుచుటకు ఎదురుతిరిగి కార్మికులు పని మానిరి. 1915లో అమెరికా శాసనసభ ప్రభుత్వపు ఆయుధశాలలలో అట్టి కొలతలను నిషేధించెను. మనిషిని యంత్రమునందలి మరవలె చూచినచో వాడు ఎదురుతిరుగును. ఇది రెండవ పాఠము.

మూడవ పాఠము షికాగో నగరము చెంతనున్న సిసిరో పట్టణమునుండి వచ్చినది. అచ్చట టెలిఫోను సామగ్రిని తయారుచేయు హాథార్న్ అను గొప్ప కర్మాగారముండెడిది. 1924 మొదలు 1932 వరకు అందు కొన్ని పరీక్షలు జరిగెను. దీపముల వెలుగు పెరిగినచో పని పెరుగునా యని మొదటి పరీక్ష. వెలుగును పెంచిన గదిలో పని పెరిగెను. పెంచని గదిలోను పెరిగెను. పరీక్షించువారు తెల్లబోయిరి. 1927లో కొందరు యువతులను వేరుగదిలో నుంచి, విశ్రాంతి వేళలను, పని గంటలను మార్చి చూచిరి. వారి యభిప్రాయములను అడిగి తెలిసికొనుచుండిరి. పని క్రమముగా పెరిగెను. తమను మనుష్యులుగా గౌరవించి, తమ మాట వినువారున్నారను తృప్తియే దీనికి కారణమని ఎల్టన్ మేయో అను ఆచార్యుడును ఆయన అనుచరులును చెప్పిరి. ఈ మాటను పూర్తిగా నమ్మరాదని తరువాతివారు విమర్శించిరి. ఆ గదిలోని కూలి పద్ధతియు మారినది. ఇద్దరు స్త్రీలను తీసివేసి వేరొక యిద్దరిని పెట్టుటయు జరిగినది. వెలుగు పరీక్షల లెక్కలను తిరిగి చూడగా, లోకమున చెప్పుకొనునంతటి విచిత్రమేమియు కనబడలేదు. కావున మంచిమాట కూలికి బదులు కాదు. మంచిమాటయు కావలయును, న్యాయమైన కూలియు కావలయును.

అదే కర్మాగారమున 1931, 1932 సంవత్సరములలో పదునలుగురు పురుషులు పనిచేయు గదిని కేవలము గమనించిరి. ఎక్కువ పనికి ఎక్కువ కూలి వచ్చునట్లు ఏర్పాటున్నను, ‘దినమునకు ఇంత చాలును’ అని వారిలో వారొక హద్దు పెట్టుకొనిరి. హద్దు మీరినవానిని ఎగతాళి చేసి, భుజముపై గ్రుద్దుచుండిరి. మరీ తక్కువ చేసినవానిని కూడ దూషించుచుండిరి. పై యధికారికి చాడీలు చెప్పువాడు అందరికంటెను నీచుడు. ఈ నిబంధనలు ఏ కాగితముపైనను లేవు; కాని కాగితముపై నున్నవానికంటె బలమైనవి. నాట్ల ముఠాలను ఎరిగిన మీకిది క్రొత్త కాదు. ప్రతి సంస్థయందును వ్రాసిన కట్టడి యొకటి, వ్రాయని కట్టడి యొకటి యుండును. వ్రాయనిదానిని ఎరుగని పెద్ద వ్రాసినదానిని నడపలేడు.

ఇంతవరకు పరదేశములను గూర్చి చెప్పితిని. ఇక మన దేశపు కథ. రాబర్ట్ వేడ్ అను పండితుడు కర్నూలు జిల్లాలో కాలువ క్రింది గ్రామములను పరిశీలించి 1988లో ఒక గ్రంథమును ప్రకటించెను. కొత్తపల్లె అను పేరుతో ఆయన వర్ణించిన గ్రామమున నాలుగు ఏర్పాట్లుండెను. ప్రభుత్వపు పంచాయతీ గాక, గ్రామస్థులు తామే యేర్పరచుకొన్న పెద్దల సభ యొకటి. ఊరుమ్మడి నిధి యొకటి. పంటలను పశువులనుండి కాపాడు కావలివారు. కాలువ నీటిని పొలములకు పంచు నీరుగంట్లు. కోత యైన పొలములలో గొఱ్ఱెల మందలను మేపుకొను హక్కును అమ్మగా వచ్చిన సొమ్ము మొదలగునవి ఆ నిధికి ఆధారములు. ఈ యేర్పాట్లు ఏ చట్టము వలనను వచ్చినవి కావు.

చిత్రమేమనగా, సమీపముననున్న గ్రామములన్నింటను ఇట్లు లేదు. ఎచ్చట కలదు, ఎచ్చట లేదు అని వేడ్ విచారించెను. కాలువ మొదట నీరు సమృద్ధిగా దొరకు గ్రామములలో ఇట్టి కట్టుబాటు తక్కువ. కాలువ చివర, నీరు వచ్చునో రాదో యను భయమున్న గ్రామములలో ఎక్కువ. ఒక గ్రామపువారు మంచివారు, మరియొక గ్రామపువారు చెడ్డవారు అని కాదు. కూడనిచో కలుగు నష్టము కంటికి కనబడిన చోట జనులు కూడిరి. మరియొక విశేషము: పెద్ద రైతుల పొలములు ఒకేచోట గాక ఊరంతట చెదరియుండుటచేత, నీరు అన్ని వైపులకును న్యాయముగా పోవుట వారికిని లాభమే. పెద్దల లాభమును ఊరి లాభమును ఒక్క కాలువలో పారినచోట కట్టుబాటు నిలిచెను. వేరు కాలువలలో పారినచోట ఎన్ని యుపన్యాసములిచ్చినను నిలువదు.

ఎలినార్ ఆస్ట్రమ్ అను అమెరికా విదుషీమణి పలు దేశములలో ఊరుమ్మడి చెరువులు, అడవులు, పచ్చికబయళ్లు ఎట్లు నిలిచినవో పరిశీలించెను. ఆమెకు 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ బహుమానమును పొందిన స్త్రీలలో ఆమెయే మొదటిది. చిరకాలము నిలిచిన సంఘములలో ఆమె కొన్ని సామాన్య లక్షణములను కనుగొనెను. సభ్యులెవరో, హద్దు లెచ్చటనో స్పష్టముగా నుండును. నిబంధనలు ఆ స్థలమునకు తగియుండును. నిబంధనలకు లోబడువారికి వానిని మార్చుటయందును మాట యుండును. కనిపెట్టి చూచువారు సభ్యులకు జవాబుదారులైయుందురు. తప్పు చేసినవానికి మొదట చిన్న జుల్మానా, మరల చేసినచో పెద్దది. మొదటి తప్పునకే వెలివేయుట లేదు. తగవు వచ్చినప్పుడు తక్కువ ఖర్చుతో, వెంటనే తీర్చుకొను చోటుండును.

మన పొదుపు సంఘములను గమనింపుడు. సామాన్యముగా పది మొదలు ఇరువదిమంది స్త్రీలు. ప్రతి సమావేశమునను ఎవరెంత కట్టిరో అందరియెదుట చెప్పబడును. రింగెల్మాన్ త్రాటిలో కనబడని పాలు ఇచ్చట కనబడుచున్నది. చదువు రాని స్త్రీలు సైతము లెక్కను చెవితో విని మనసున నుంచుకొనుచున్నారు. మనము వారినుండి నేర్వవలసినది కలదు.

మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. ప్రభుత్వపు జోక్యము తగ్గి, సభ్యులే తమ సంఘములను నడపుకొనుటకు ఆంధ్రప్రదేశమున 1995లో వేరొక చట్టము వచ్చినది. 1956లో స్థాపితమైన ముల్కనూరు సహకార సంఘము వంటివి నేటికిని నడచుచున్నవి. చట్టములున్నవి, ఉదాహరణములును ఉన్నవి. కొరతయైనది మన యలవాట్లలోనే.

కావున మీకు మూడు మనవులు. మీ సంఘములో ప్రతి పనికిని ఇద్దరు మనుష్యులను తయారుచేయుడు. ఒకరు చేయువారు, ఒకరు నేర్చుకొనువారు. ఆ రెండవవారు యువకులైనచో మరింత మేలు. నెలకొకసారి జమాఖర్చులను సభ్యులందరు వినునట్లు బిగ్గరగా చదివింపుడు. పనివారికి ఆజ్ఞ యిచ్చుటకు ముందు, ఆ పనిని గూర్చి వారేమనుకొనుచున్నారో అడుగుడు. చేయి పెట్టినవానికి తెలిసిన సంగతి కుర్చీలో కూర్చున్నవానికి తెలియదు.

ఇక మా యధ్యక్షుని మాట. సంఘము మూతపడిన తరువాత ఆయన చిట్టాను నలుగురి ముందర విప్పి చూపెను. ప్రతి పైసయు సరిగా నుండెను. కాని అప్పటికే వినువారు తక్కువ. ఆ చిట్టాను ఏటేట విప్పియుండినచో ఆయన పేరును నిలిచెడిది, సంఘమును నిలిచెడిది. తప్పు ఆయన యొక్కనిదే కాదు. అడుగక యూరకున్న మా యందరిదియు. పెద్దలను లెక్క అడుగుట అగౌరవమను తలంపును విడుతము. లెక్క అడుగువారున్నచోటనే నిజాయితీపరుడైన పెద్దకు రక్షణ కలదు. అడుగకముందే చూపు పెద్ద ఊరికి వెలుగు.

మరల రథము లాగు దినము వచ్చును. మోకు పట్టుకొనునప్పుడు మన పాలు ఎంతయో మనము తలచుకొందము. చేయి యెత్తు పెద్దలు, తమ తరువాత చేయి యెత్తువానిని ప్రక్కనే నిలుపుకొందురుగాక.